గింజ, తాలు: సీక్వెన్సింగ్ డేటాలో ఏది దాచాలి, ఏది తీసేయాలి

(రీసెర్చి స్కాలర్లకు, ల్యాబ్ సిబ్బందికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక లెక్క వేద్దాం.

సీక్వెన్సింగ్ అంటే డీఎన్‌ఏలోని అక్షరాల వరసను మెషీన్‌తో చదివించడం. మనిషి జన్యుక్రమంలో దాదాపు 310 కోట్ల బేస్‌లు, అంటే ఏ, సీ, జీ, టీ అనే డీఎన్‌ఏ అక్షరాలు, ఉంటాయి. ఒక శాంపిల్‌ను 30 రెట్లు చదివిస్తే 9,300 కోట్ల బేస్‌లు వస్తాయి. మెషీన్ చదివింది రాసి ఉండే ఫాస్ట్‌క్యూ ఫైలులో బేస్‌కు ఒక అక్షరం, ఆ బేస్‌ను మెషీన్ ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే క్వాలిటీ గుర్తుకు ఇంకో అక్షరం. బేస్‌కు రెండు బైట్లు, అక్కడికే 186 జీబీ. మెషీన్ ఒక్కసారి చదివే ముక్కను రీడ్ అంటాం. 150 బేస్‌ల రీడ్‌లు 62 కోట్లు, ప్రతి రీడ్‌కూ ఒక పొడుగాటి పేరు. ఆ పేర్లకే ముప్పై, నలభై జీబీ పోతుంది. జీజిప్ అనే ప్రోగ్రామ్‌తో కుదిస్తే మొత్తం మూడో వంతుకో నాలుగో వంతుకో దిగుతుంది. అరవై, డెబ్బై జీబీ అనుకోండి.

అంతటితో ఆగితే మనమిక్కడ కూర్చోవాల్సిన పనే లేదు. అడాప్టర్లు, అంటే చదివించడానికి ల్యాబ్‌లో చివర్లకు అతికించిన డీఎన్‌ఏ ముక్కలు, కత్తిరించిన ఫాస్ట్‌క్యూ మరో అరవై జీబీ. రిఫరెన్స్‌కు, అంటే ప్రామాణిక జన్యుక్రమానికి, అలైన్ చేసిన (ఏ రీడ్ ఎక్కడ అతుకుతుందో చూసిన) బ్యామ్ ఫైలు ఒకటి, దాన్ని సార్ట్ చేసింది ఒకటి, డూప్లికేట్లు (ఒకే డీఎన్‌ఏ ముక్క నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చిన రీడ్‌లు) గుర్తుపెట్టింది ఒకటి, క్వాలిటీ రీకాలిబ్రేట్ చేసింది, అంటే క్వాలిటీ విలువల్ని సరిదిద్దింది, ఇంకొకటి. ఒక్కొక్కటి 50 నుంచి 80 జీబీ. ఇంతా చేసి థీసిస్‌లోకి వెళ్ళేది వేరియంట్ల (రిఫరెన్స్‌తో తేడా ఉన్న చోట్ల) జాబితా, అంటే వీసీఎఫ్. అది ఒక జీబీ అటూ ఇటూ. అంటే శాంపిల్‌కు 350 జీబీ దాటింది. యాభై శాంపిళ్ళ ప్రాజెక్టుకు 18 టీబీ. అందులో నిజంగా దాచాల్సింది ఒకటిన్నర టీబీ కూడా ఉండదు. మిగతాదంతా ఎవరూ తీసేయలేదు కాబట్టి ఉంది, అంతే.

పంటల మీద పనిచేసేవాళ్ళు దీన్ని మీ లెక్కకు మార్చుకోండి. శనగది సుమారు 74 కోట్ల బేస్‌ల జన్యుక్రమం, మనిషిదాంట్లో నాలుగో వంతు. గోధుమది 1,600 కోట్లు, మనిషిదానికి ఐదు రెట్లు. గోధుమ వాళ్ళ సర్వరు ఎందుకు ఎప్పుడూ నిండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫైలు తీసేసే ముందు అందరం వేసుకునే ప్రశ్న "ముందుముందు పనికొస్తుందేమో?" అని. ఈ ప్రశ్నతో ఇంట్లో అటక ఎలా నిండిందో సర్వరూ అలాగే నిండుతుంది, ఎందుకంటే పనికిరాదని ఒట్టేసి చెప్పగలిగే వస్తువు లోకంలో లేదు. అడగాల్సింది వేరే: ఇది పోతే మళ్ళీ తెచ్చుకోగలమా? తెచ్చుకోగలిగితే దేంతో, ఎన్ని గంటల్లో, ఎంత ఖర్చుతో? రోగి నుంచి తీసిన రక్తం అయిపోయింది, దాని రీడ్‌లు మళ్ళీ రావు. పోయిన ఖరీఫ్‌లో పొలంలో తీసిన కొలతలు మళ్ళీ రావు. సార్ట్ చేసిన బ్యామ్ మాత్రం ఒక రాత్రి సర్వరు నడిపితే వస్తుంది. ఇంటర్నెట్ నుంచి దించిన పబ్లిక్ డేటా ఆపాటి శ్రమ కూడా లేకుండా వస్తుంది. ఈ మూడు రకాలనూ ఒకే డిస్కులో, ఒకే బ్యాకప్‌లో, ఒకే గౌరవంతో ఉంచుతున్నాం. తిప్పలన్నీ అక్కడే మొదలు.

ఇప్పుడు అసలు పెద్ద ఫైళ్ళ సంగతి. బ్యామ్‌ను క్రామ్‌గా మార్చడం మీలో చాలామందికి తెలుసు. ప్రతి రీడ్‌ను పూర్తిగా రాసుకోకుండా, రిఫరెన్స్‌తో ఎక్కడ తేడా ఉందో అదొక్కటే రాసుకుంటుంది క్రామ్. కొత్త మెషీన్లు క్వాలిటీ విలువల్ని నాలుగు రకాలకే కుదిస్తున్నాయి కాబట్టి, అలాంటి డేటాలో 60 జీబీ బ్యామ్ 15, 20 జీబీల క్రామ్ అవుతుంది. పాత మెషీన్లు నలభై రకాల విలువలు రాసేవి, అక్కడ ఇంత తగ్గదు. ఎందుకంటే ఏసీజీటీ అక్షరాలు నాలుగే, రెండు బిట్లలో సరిపోతాయి. జాగా తినేది క్వాలిటీ వరసే.

క్రామ్ చేశాక ఫాస్ట్‌క్యూ తీసేయొచ్చా? తీసేయొచ్చు, కానీ నాలుగు చోట్ల జారిపడతారు. మొదటిది, రిఫరెన్స్‌కు అతకని రీడ్‌లు. వాటిని వడకట్టేసిన బ్యామ్ నుంచి క్రామ్ చేస్తే అవి శాశ్వతంగా పోయినట్టే. శాంపిల్‌లో వైరస్సో బ్యాక్టీరియానో ఉందా అని రేపు వెతకాలంటే అవే కావాలి. రెండోది, డూప్లికేట్లు. వాటిని గుర్తుపెట్టాలి గానీ తీసేయకూడదు. తీసేసే ఆప్షన్ ఆన్ చేసి ఉంటే ఆ ఫైలు అసలు డేటాకు ప్రత్యామ్నాయం కాదు. మూడోది, కత్తిరింపు. అడాప్టర్లు ముందే కత్తిరించి అలైన్ చేస్తే ఆ ముక్కలు బ్యామ్‌లోకి రానే రావు. నాలుగోది, రీకాలిబ్రేషన్. అది క్వాలిటీ విలువల మీద కొత్తవి రాసేస్తుంది. పాతవి వేరే ట్యాగులో దాచమని మీరు చెప్పకపోతే దాచదు. పైగా నాలుగు రకాలుగా ఉన్న విలువలు మళ్ళీ పలురకాలై ఫైలు ఉబ్బుతుంది. అందుకని దాచే క్రామ్ ఎప్పుడూ రీకాలిబ్రేషన్‌కు ముందుదై ఉండాలి.

సరిచూడడం ఎలా? ప్రతి డీఎన్‌ఏ ముక్కనూ రెండు చివర్ల నుంచి చదివితే రీడ్‌లు జతలుగా, ఫాస్ట్‌క్యూ ఫైళ్ళు రెండుగా వస్తాయి. ఆ జత ఫైళ్ళలో వరసలు లెక్కించి నాలుగుతో భాగించండి, రీడ్‌ల సంఖ్య వస్తుంది. క్రామ్‌లో లెక్కించేటప్పుడు బ్యామ్, క్రామ్ ఫైళ్ళు చదివే సామ్‌టూల్స్ ప్రోగ్రామ్ వ్యూ ఆజ్ఞలో పెద్ద ఎఫ్ ఆప్షన్‌కు 2304 ఇవ్వండి. ఒకే రీడ్ రెండు మూడు చోట్ల అతికినప్పుడు వచ్చే అదనపు పద్దుల్ని అది పక్కన పెడుతుంది. అది ఇవ్వకపోతే క్రామ్‌లో రీడ్‌లు ఎక్కువొచ్చి కంగారుపడతారు. సంఖ్య సరిపోయినంత మాత్రాన అయిపోలేదు. కత్తిరించిన రీడ్ కూడా సంఖ్యలో ఒకటే కదా! క్రామ్ నుంచి ఫాస్ట్‌క్యూ వెనక్కి తీసి, రెండు వైపులా రీడ్ పేరు ప్రకారం సార్ట్ చేసి, పేరూ అక్షరాలూ క్వాలిటీ మూడింటి మీదా ఎండీ5 చెక్‌సమ్ (డేటాలో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) పోల్చాలి. వెనక్కి తీసేముందు కొలేట్ చేయడం, అంటే ఒకే జతలోని రీడ్‌లను పక్కపక్కన చేర్చడం, మరవొద్దు. క్రోమోజోమ్ వరసలో ఉన్న ఫైలును నేరుగా తీస్తే జతలు చెదిరిపోతాయి. పేర్లలో కూడా ఒక మెలిక ఉంది. ఫాస్ట్‌క్యూలో పేరు తర్వాత ఖాళీ వదిలి ఉండే భాగాన్ని అలైనర్ (అలైన్ చేసే ప్రోగ్రామ్) మామూలుగా వదిలేస్తుంది, కాబట్టి పోల్చేటప్పుడు ఖాళీ ముందున్న భాగాన్నే పేరుగా తీసుకోండి.

జీజిప్ ఫైళ్ళ చెక్‌సమ్‌ల విషయంలోనూ జాగ్రత్త. జీజిప్ తన తలభాగంలో అసలు ఫైలు పేరూ తేదీ రాసుకుంటుంది. లోపల డేటా అచ్చంగా ఒకటే అయినా, ఆ పేరో తేదీయో వేరైతే చెక్‌సమ్‌లు వేరుగా వస్తాయి. నకళ్ళు వెతికే ప్రోగ్రాములు వాటిని వేర్వేరు ఫైళ్ళనుకుని వదిలేస్తాయి. విప్పిన డేటా మీద చెక్‌సమ్ తీయండి.

ఇంకొక్క మాట చెప్పి క్రామ్ ముగిస్తాను. ఏ రిఫరెన్స్‌తో చేశారో ఆ ఫైలు లేకపోతే క్రామ్ తెరుచుకోదు. "మానవ జీనోమ్ 38వ బిల్డ్" అని రాసుకుంటే సరిపోదు. అందులో ప్రత్యామ్నాయ ముక్కలు ఉన్నవి, లేనివి, వై క్రోమోజోమ్‌లో కొంత భాగం కప్పేసినవి అని రకాలున్నాయి. కప్పేసిన చోట అక్షరాలే మారతాయి కాబట్టి ఆ క్రోమోజోమ్ చెక్‌సమ్ మారుతుంది. క్రామ్ తలభాగంలో ప్రతి క్రోమోజోమ్ ఎండీ5 ఉంటుంది, దానితో పోల్చి, అదే రిఫరెన్స్ ఫైలును క్రామ్‌ల పక్కనే దాచండి. యాభై క్రామ్‌లకు ఒక్క రిఫరెన్స్ చాలు, విప్పితే మూడు జీబీ. ఇక్కడ పిసినారితనం చేయొద్దు.

నా అభిప్రాయం అడిగితే, రోగ నిర్ధారణకు వాడే డేటాలో, నిబంధనల ప్రకారం మెషీన్ ఇచ్చిన ఫైలే ఉండాలన్న చోట, ఫాస్ట్‌క్యూ తీసేయకండి. ఎందుకంటే క్రామ్ నుంచి తీసిన ఫాస్ట్‌క్యూలో రీడ్‌ల వరస మారుతుంది. బీడబ్ల్యూఏ లాంటి అలైనర్ రీడ్‌లను గుంపులు గుంపులుగా తీసుకుని, ఒక్కో గుంపు నుంచి జతల మధ్య దూరాన్ని అంచనా వేస్తుంది. వరస మారితే గుంపు మారుతుంది, కొన్ని రీడ్‌లు అతికే చోటూ మారుతుంది. పరిశోధనకు ఆ తేడా లెక్కలోకి రాదు. కోర్టుకో ఆడిట్‌కో వస్తుంది.

ఇక నకళ్ళు. మానవ జీనోమ్‌కు స్టార్ అనే అలైనర్ వెతకడానికి కట్టుకునే ఇండెక్స్ ఒక్కటే 30 జీబీ దాకా ఉంటుంది. ల్యాబ్‌లో పన్నెండు మంది స్కాలర్లుంటే పన్నెండు హోమ్ ఫోల్డర్లలో పన్నెండు ఇండెక్సులు, 360 జీబీ. అందరికీ కలిపి ఒక్క ఫోల్డరు, చదవడానికి మాత్రమే అనుమతి, ఏ వెర్షన్‌తో కట్టారో పక్కన చిన్న టెక్స్ట్ ఫైలు. ఒక మధ్యాహ్నం పని. పబ్లిక్ డేటా కూడా అంతే. అమెరికాలో ఎస్‌ఆర్‌ఏ, యూరప్‌లో ఈఎన్‌ఏ, జపాన్‌లో డీడీబీజే అనే పబ్లిక్ డేటా ఆర్కైవులు ఒకరి డేటా ఒకరు ఇచ్చిపుచ్చుకుంటారు, మూడు ఖండాల్లో కాపీలుంటాయి. మీ అల్మారాలో నాలుగోది ఎందుకు? విశ్లేషణ అయ్యాక యాక్సెషన్ నంబర్ల (ఆర్కైవ్ ఇచ్చే గుర్తింపు నంబర్ల) జాబితా, దించిన తేదీ, చెక్‌సమ్‌లు ఉంచుకుని ఫైళ్ళు తీసేయండి. అనుమతి తీసుకుని దించుకునే రోగుల డేటా అయితే ఒప్పందం చదవండి, ప్రాజెక్టు ముగిశాక చెరిపేయాలన్న షరతు అందులోనే ఉండొచ్చు.

మీ సొంత డేటాను ఆర్కైవ్‌కు పంపారనుకోండి. ఫరీదాబాద్‌లో ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ఉంది, అక్కడికే పంపొచ్చు. పంపిన మర్నాడే ఇక్కడ తీసేయకండి. యాక్సెషన్ నంబరు రావాలి, ఒకటి రెండు శాంపిళ్ళు వెనక్కి దించి రీడ్‌లు పోల్చాలి. కొన్ని ఆర్కైవులు ఫైలును తమ పద్ధతిలోకి మార్చి దాస్తాయి. ఎస్‌ఆర్‌ఏలో లైట్ అనే రకం దించితే క్వాలిటీ విలువలు అసలువి కావు, ఒక రీడ్‌లోని బేస్‌లన్నిటికీ ఒకే సాదా విలువ వేసి ఇస్తుంది. అది చూసి మన డేటా పాడైందనుకోకండి, అలాగని అదే అసలుదనీ అనుకోకండి.

ఇప్పుడు పెద్ద ఫైళ్ళ కంటే చిన్న ఫైళ్ళు చేసే అల్లరి. డిస్కు ఖాళీ ఉన్నా "కోటా నిండింది" అని సర్వరు మొరాయిస్తుంది చూడండి, అది ఫైళ్ళ సంఖ్య మీద ఉన్న పరిమితి. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎక్కించే కోండా తయారుచేసే ఒక్క ఎన్విరాన్‌మెంట్‌లో పదుల వేల ఫైళ్ళుంటాయి. ఒక్క అక్షరమున్న ఫైలు కూడా మామూలుగా 4 కేబీ జాగా పడుతుంది. ప్యాకేజీలనూ వెర్షన్లనూ రాసిన జాబితా ఫైలు కొన్ని కేబీలే, అది ఉంచి ఎన్విరాన్‌మెంట్ తీసేయండి, కోండా క్లీన్ నడిపి పాత ప్యాకేజీల మూటలూ వదిలించుకోండి. అచ్చయిన పేపరుకు వాడినదైతే ఒక కంటెయినర్‌గా (ప్రోగ్రాములన్నీ కలిపి కట్టిన మూటగా) చేసి ఉంచండి. ఐదేళ్ళ తర్వాత ఆ వెర్షన్లు దొరక్కపోవచ్చు.

విశ్లేషణ దశల్ని వరసగా నడిపే నెక్స్ట్‌ఫ్లో వాడేవాళ్ళు ఇది రాసుకోండి. దాని వర్క్ ఫోల్డరులోనే మధ్య ఫైళ్ళన్నీ పోగుపడతాయి, ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద ఫోల్డరు అదే అవుతుంది. తీసేయాల్సిందే. కానీ ఫలితాల ఫోల్డరులోకి ఫైళ్ళు పంపే పద్ధతిని మీరు మార్చకపోతే అది సింబాలిక్ లింకులే పెడుతుంది. ఫలితాలు ఫలితాల ఫోల్డరులో ఉన్నట్టే కనిపిస్తాయి, అసలు ఫైళ్ళు వర్క్‌లో ఉంటాయి. వర్క్ తీసేస్తే చేతిలో మిగిలేది ఉత్త బాణం గుర్తులు. పబ్లిష్ మోడ్ కాపీ అని పెట్టారో లేదో చూసి, ఫలితాల ఫోల్డరులో లింకులేమీ లేవని తేల్చుకుని అప్పుడు తీయండి. అలాంటిదే ఇంకోటి, స్నేక్‌మేక్‌లో అయితే మధ్య ఫైళ్ళకు టెంప్ అని ముందే గుర్తు పెట్టొచ్చు, అవసరం తీరగానే అదే చెరిపేస్తుంది. ఈ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. ఫైలు పుట్టక ముందే దాని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది.

తీసేసే పని ఎలా చేయాలో చెప్పేముందు, ఎలా చేయకూడదో ఒక ఉదాహరణ. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో 77 టీబీ పరిశోధన డేటా పోయింది. దాదాపు 3.4 కోట్ల ఫైళ్ళు, 14 పరిశోధక బృందాలవి. నాలుగు బృందాలవి తిరిగి రాలేదు. అది చేసింది హ్యాకర్ కాదు, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్ళు చెరిపే శుభ్రత స్క్రిప్టు. అది నడుస్తుండగానే సరఫరాదారు సిబ్బంది దాని స్థానంలో కొత్త వెర్షన్ పెట్టారు. స్క్రిప్టును నడిపే బ్యాష్ దాన్ని మొత్తం ముందే చదివేసుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. మధ్యలో ఫైలు మారేసరికి, ఫోల్డరు పేరుండాల్సిన వేరియబుల్‌కు విలువే ఇవ్వని చోట చెరిపే ఆజ్ఞ నడిచింది. లాగ్‌ల బదులు జనం డేటా పోయింది. చెరిపే స్క్రిప్టు మొదటి వరసలోనే సెట్ మైనస్ యూ పెట్టండి, విలువే ఇవ్వని వేరియబుల్ తగిలితే అక్కడే ఆగిపోతుంది. నడుస్తున్న స్క్రిప్టును ముట్టుకోకండి.

పద్ధతి ఇది. ముందు వెతికే ఆజ్ఞ ఒక్కటే ఇవ్వండి, చెరిపేది వద్దు. దొరికిన ఫైళ్ళ పేరు, సైజు, ఓనరు, మార్చిన తేదీ ఒక జాబితాగా రాయించండి. "చివరగా తెరిచిన తేదీ"ని నమ్మకండి. చాలా సర్వర్లు దాన్ని సరిగా రాయవు, రాసినా బ్యాకప్ ప్రోగ్రామ్ తాకినా మారిపోతుంది. ఆ జాబితాను ఓనర్లకు పంపి రెండు వారాలు గడువివ్వండి. తర్వాత చెరపకండి, తేదీ పేరుతో ఉన్న ఒక ఫోల్డరులోకి జరిపి తాళం వేయండి. నెల రోజులు ఎవరి విశ్లేషణ పైప్‌లైనూ విరగకపోతే అప్పుడు చెరపండి. అదే డిస్కులో జరిపితే జాగా ఖాళీ కాదు, పేరే మారుతుంది, అది గుర్తుండాలి. చెరిపాక కూడా డిస్కు ఖాళీ కాలేదని గాభరాపడేవాళ్ళుంటారు. సర్వరు తీసి ఉంచే స్నాప్‌షాట్లు (డిస్కు పాత స్థితి నకళ్ళు) ఆ ఫైళ్ళను పట్టుకుని ఉంటాయి, వాటి గడువు తీరాకే జాగా వస్తుంది. తీసేసిన ప్రతి గుంపుకూ ఒక టెక్స్ట్ ఫైలు మిగల్చండి: ఏం ఉండేవి, సైజు, చెక్‌సమ్, ఎవరి అనుమతి, మళ్ళీ కావాలంటే ఏ స్క్రిప్టు నడపాలి. నాలుగేళ్ళ తర్వాత రివ్యూయర్ అడిగితే జవాబు అందులో ఉంటుంది.

క్లౌడ్‌లో ఉన్నవాళ్ళకు రెండు మూడు గోతులు. అమెజాన్‌లో అరుదుగా తెరిచే ఫైళ్ళకు ఉండే డీప్ ఆర్కైవ్‌లో పెట్టిన ఫైలును 180 రోజుల్లోపు తీసేసినా 180 రోజుల అద్దె కట్టాల్సిందే. అందులో ఒక్కో ఫైలుకూ 40 కేబీ అదనపు పద్దు పడుతుంది, కాబట్టి రెండు కేబీల ఫైళ్ళు పది లక్షలు పెడితే అసలు కంటే కొసరే ఎక్కువ. శాంపిల్‌వారీగా టార్ మూటలు కట్టి పంపండి. అలాగని మొత్తం ప్రాజెక్టును ఒకే పది టీబీల మూట కట్టకండి, ఒక్క ఫైలు కోసం అంతా దించాల్సి వస్తుంది. మూటలో ఏమున్నాయో జాబితా బయట, మామూలు స్టోరేజిలో ఉండాలి. ఇంకోటి, మధ్యలో తెగిపోయిన అప్‌లోడ్ ముక్కలు. ఫైళ్ళ జాబితాలో అవి కనిపించవు, బిల్లులో కనిపిస్తాయి. ఏడు రోజులు దాటిన అసంపూర్ణ అప్‌లోడ్‌లు చెరిపేయమని బకెట్‌కు (క్లౌడ్‌లో మీ ఫైళ్ళుండే చోటుకు) నియమం పెడితే సరి.

ఇంతసేపూ పుట్టిన డేటాను ఏం చేయాలో మాట్లాడాం. పుట్టనివ్వకుండా ఉండడం ఇంకా చవక. సెర్న్‌లోని హాడ్రన్ కొలైడర్‌లో ప్రోటాన్ల గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఒకదాన్నొకటి దాటుతాయి. డిస్కు దాకా వెళ్ళేవి కొన్ని వేలకు మించవు. మిగతాది అక్కడికక్కడే పారబోస్తారు, తిరిగి రాదని తెలిసే. కాకపోతే ఏది ఉంచాలన్న నియమాలు ముందే చర్చించి, రాసి, పరీక్షించి పెట్టుకుంటారు. మన స్థాయిలో చూస్తే, నేల ఉష్ణోగ్రత సెన్సార్ సెకనుకోసారి రాస్తే ఏడాదికి 3.15 కోట్ల వరసలు, పది నిమిషాలకోసారి రాస్తే 52,560. అడుగు లోతు మట్టి సెకనులో వేడెక్కదు. సెన్సార్ కచ్చితత్వం అర డిగ్రీ అయితే దశాంశం తర్వాత పదిహేను అంకెలు రాయడం కూడా జాగా దండగే. ఆ అంకెలు కొలత కాదు.

చివరగా, దాచాల్సినవాటి గురించి. శుభ్రం చేసేటప్పుడు జనం పెద్ద ఫైళ్ళకు భయపడి చిన్నవి పారేస్తారు. నిజానికి శాంపిల్ షీటు, స్క్రిప్టులు, ఏ ట్యూబులో ఏ మొక్క ఉందో రాసిన ఎక్సెల్, ఇవి మొత్తం కలిపి పది ఎంబీ. అవి పోతే 18 టీబీ ఊకే. అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు రికార్డు చేసిన అసలు టెలిమెట్రీ టేపులు కొన్నేళ్ళ తర్వాత చెరిపి మళ్ళీ వాడేసుకుని ఉంటారని 2009లో నాసా తేల్చింది. అప్పట్లో టేపుల కొరత. అలాంటి కొరత వచ్చినప్పుడు, ఏ టేపు ముట్టుకోకూడనిదో దాని మీదే రాసి ఉండాలి. మన ఫోల్డర్లలో ఆ పని చేసేది రీడ్‌మీ ఫైలు.

ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి: హార్డ్‌డిస్కులు చవకయ్యాయి కదండీ, ఇంత శ్రమ ఎందుకు?

డిస్కు చవకే. కానీ విలువైన డేటాకు మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్నది పాత నియమం. 18 టీబీ దాస్తే 54 టీబీ దాచినట్టు. సెకనుకు ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద 18 టీబీ ఒక్కసారి కాపీ కావడానికి రెండు రోజులు పడుతుంది. ఒకటిన్నర టీబీ అయితే నాలుగు గంటలు, ప్రతి రాత్రీ చేయొచ్చు. తాలు ఎక్కువైతే గింజకు బ్యాకప్ ఆగిపోతుంది. ఎల్‌టీఓ-9 రకం మాగ్నెటిక్ టేపు ఒకదాంట్లో 18 టీబీ పడుతుంది, కరెంటు అక్కర్లేదు. అయితే దాన్ని చదివే డ్రైవు ఖరీదైనది, ఒక్క ల్యాబ్ కొనేది కాదు, సంస్థ స్థాయిలో కొనాలి.

సభలోంచి: మా గైడు ఏదీ తీయనివ్వరండీ.

"తీసేయమంటారా?" అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. ఫోల్డరు పేరు, సైజు, మళ్ళీ తయారు చేయడానికి పట్టే గంటలు, ఏ స్క్రిప్టుతో తయారవుతుంది, ఈ నాలుగు గడులతో ఒక పేజీ పట్టిక పెట్టండి. ఒక శాంపిల్‌ను నిజంగానే తిరిగి తయారు చేసి చూపించండి. అది తయారు కాకపోతే గైడుగారి మాటే రైటు, ఆ ఫోల్డరు ముట్టుకోకూడదు.

సభలోంచి: మెషీన్ నుంచి వచ్చే బీసీఎల్ ఫైళ్ళు ఎన్నాళ్ళు ఉంచాలి?

కలిపి చదివించిన శాంపిళ్ళన్నీ కలిసే ఉండే ముడి ఫైళ్ళవి, వాటిని విడదీశాకే ఫాస్ట్‌క్యూలు వస్తాయి. శాంపిళ్ళు సరిగ్గా విడిపోయాయని తేలేదాకా ఉంచాలి. శాంపిల్ షీటులో ఇండెక్స్ (ఇక్కడ, ఏ రీడ్ ఏ శాంపిల్‌దో చెప్పే చిన్న డీఎన్‌ఏ గుర్తు) తప్పు పడితే మళ్ళీ విడదీయడానికి అవే కావాలి. విడదీశాక ఏ శాంపిల్‌కూ చెందనివి "అన్‌డిటర్మిన్డ్" అనే ఫైలులో పడతాయి. ముందు దాని సైజు చూడండి. అది మీ శాంపిళ్ళకు దీటుగా ఉండి, ఏదో ఒక శాంపిల్ దాదాపు ఖాళీగా ఉంటే, ఆ శాంపిల్ ఇండెక్స్ తప్పు రాశారన్నమాట. రెండో ఇండెక్స్‌ను తిరగేసి రాయడం మామూలుగా జరిగే పొరపాటు, ఎందుకంటే కొన్ని మెషీన్లు దాన్ని అటు నుంచి చదువుతాయి. దిద్ది, మళ్ళీ విడదీసి, అన్ని శాంపిళ్ళ రీడ్‌ల సంఖ్యా అనుకున్నట్టు వచ్చాక బీసీఎల్ తీసేయండి.